లోడు పడితే రీస్టార్ట్: నేరం ఎండదేనా?

పెళ్లి వీడియో ఎడిట్ చేసినంతసేపూ కంప్యూటర్ బుద్ధిగానే పనిచేస్తుంది. అంతా కూర్చుకుని, చివరికి రెండర్ బటన్ నొక్కిన పావుగంటకో అరగంటకో తెర నల్లబడుతుంది. ఫ్యాన్లు క్షణం ఆగి, మళ్లీ తిరిగి, విండోస్ మొదటి నుంచి మొదలవుతుంది. హెచ్చరిక ఉండదు, ఎర్రర్ ఉండదు, అప్పటిదాకా అయిన రెండరూ ఉండదు. కర్నూలు, కడప వైపు స్టూడియోల వాళ్లకూ, ఆల్బమ్ డిజైనింగ్ చేసేవాళ్లకూ, గ్రాఫిక్స్ కార్డు పెట్టుకుని ఆటలాడే కుర్రాళ్లకూ ఇది తెలిసిన బాధే. వైశాఖ ముహూర్తాలూ మండుటెండలూ ఒకేసారి వస్తాయి కాబట్టి తీర్పు కూడా ముందే సిద్ధంగా ఉంటుంది: "ఎండకు సిస్టం హీటెక్కింది." సైడు డోరు ఊడదీసి టేబుల్ ఫ్యాన్ పెడతారు. దానికీ లొంగకపోతే ఫార్మాట్ కొడతారు. ఈ రెండు వైద్యాలూ తరచూ విఫలమవడానికి కారణముంది. టైపింగ్‌కు నిలబడి, లోడు పడగానే చెప్పాపెట్టకుండా రీస్టార్ట్ అయ్యే యంత్రం విషయంలో మొదట అనుమానించాల్సింది గోడ సాకెట్ నుంచి మదర్‌బోర్డు దాకా కరెంటు నడిచే దారిని. ఆ దారిలో వాట్ల లెక్క కన్నా మిల్లీ సెకన్ల లెక్క ముఖ్యం. మన ప్రాంతపు సరఫరాను చూస్తే ఈ మాటకు బలం ఇంకా పెరుగుతుంది.

ముందు ఎండ సంగతి తేల్చుకుందాం. ఆధునిక ప్రాసెసర్ తన వేడిని తానే కొలుచుకుంటుంది. సెన్సర్లు చిప్పు లోపలే ఉంటాయి. చాలా ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు పైహద్దు 100 డిగ్రీల సెల్సియస్, ఏఎండీ రైజెన్ 7000 వరసలో చాలావాటికి 95. ఆ హద్దు దగ్గరపడగానే ప్రాసెసర్ తన వేగాన్నీ, తీసుకునే వోల్టేజీనీ తగ్గించుకుంటుంది. దానివల్ల రెండర్ ఆలస్యమవుతుంది కానీ ఆగదు. ఫ్యాన్ పూర్తిగా ఆగిపోయి, వేడి ఇంకా పెరిగితే, చివరి రక్షణగా కరెంటు తెంచేయమని ప్రాసెసర్ మదర్‌బోర్డుకు సంకేతం పంపుతుంది. అప్పుడు జరిగేది షట్‌డౌన్. యంత్రం ఆరిపోయి, మనం బటన్ నొక్కేదాకా సాధారణంగా అలాగే పడి ఉంటుంది. గదిలో వేడి పదిహేను డిగ్రీలు పెరిగితే చిప్పు వేడి కూడా దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో 70 దగ్గర నడిచిన చిప్పు మే నెలలో 85 దగ్గర నడుస్తుంది. ఇబ్బందే, కానీ రీస్టార్ట్‌కు చాలదు. ఒక్క మినహాయింపు ఉంది. మదర్‌బోర్డు మీద 12 వోల్టులను ప్రాసెసర్‌కు కావలసిన ఒక వోల్టు చుట్టుపక్కలకు దించే భాగం చవక బోర్డుల్లో హీట్‌సింక్ లేకుండా ఒట్టిగా ఉంటుంది. పెద్ద ప్రాసెసర్‌ను అలాంటి బోర్డులో బిగిస్తే ఆ భాగం మాడి యంత్రాన్ని పడేయగలదు. అలాంటి జోడీ మీది కాకపోతే ఎండ మీద నేరారోపణ అంత తేలిగ్గా నిలవదు.

ఇక తనంతట తాను రీస్టార్ట్ కావడం ఎలా జరుగుతుందో చూద్దాం. ఎస్ఎంపీఎస్ పని గోడ నుంచి వచ్చే 230 వోల్టుల ఏసీ కరెంటును 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చడం. ఆ వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని అది మదర్‌బోర్డుకు ఒక తీగ మీద సంకేతం ఇస్తూ ఉంటుంది. దాన్ని 'పవర్ గుడ్' అంటారు. సంకేతం ఉన్నంతసేపే మదర్‌బోర్డు ప్రాసెసర్‌ను నడవనిస్తుంది. 12 వోల్టుల లైను 5 శాతం కన్నా ఎక్కువ ఊగకూడదన్నది చాలాకాలపు ప్రమాణం, అంటే 11.4కు దిగువకు జారకూడదు. వోల్టేజీ పడిపోతే పవర్ గుడ్ తొలగిపోతుంది, ప్రాసెసర్ అక్కడికక్కడే రీసెట్ అవుతుంది. క్షణంలో వోల్టేజీ తేరుకుంటే సంకేతం మళ్లీ వస్తుంది, యంత్రం మొదటి నుంచి బూట్ అవుతుంది. విండోస్‌కు ఎర్రర్ రాసుకునే తీరిక కూడా దొరకదు. మాటామంతీ లేని ఈ రీస్టార్ట్, వేడివల్ల జరిగే షట్‌డౌన్ పైకి వేర్వేరుగా కనిపించడానికి కారణం ఇదే. అయితే ఒక జాగ్రత్త: బయోస్‌లో 'కరెంటు తిరిగొస్తే ఆన్ అవ్వు' అనే సెట్టింగ్ పెట్టి ఉంటే సరఫరా పోయి వచ్చినప్పుడు కూడా యంత్రం తానే లేస్తుంది. ముందు దాన్ని ఆఫ్ చేసి చూడాలి.

అసలు కిటుకు ఎస్ఎంపీఎస్ లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఉంది. మన ఏసీ కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు. ఒక్కో ఆవృత్తి 20 మిల్లీ సెకన్లు. సరఫరా రెప్పపాటు తెగినా అవతల 12 వోల్టులు చెదరకుండా ఉండేందుకు ఈ కెపాసిటర్ కొంత విద్యుత్తును దాచి ఉంచుతుంది. మిద్దె మీది నీళ్ల ట్యాంకు ఎంత నిండితే, ఎన్ని కొళాయిలు తిప్పితే అంతసేపే నీళ్లొచ్చినట్టు, ఇక్కడా రెండే లెక్కలు: ఎంత వోల్టేజీ వరకు నిండింది, ఎన్ని వాట్లు లాగుతున్నాం. పూర్తి లోడు మీద కనీసం 16, 17 మిల్లీ సెకన్లు నిలబెట్టాలన్నది డెస్క్‌టాప్ ఎస్ఎంపీఎస్‌లకు వర్తించే ఏటీఎక్స్ ప్రమాణంలో చాలాకాలంగా ఉన్న మాట. దాచుకున్న శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి వోల్టేజీ కాస్త తగ్గితే శక్తి బాగా తగ్గుతుంది. ఒక మామూలు చవక ఎస్ఎంపీఎస్‌తో ఉదాహరణ కట్టి చూద్దాం. 330 మైక్రో ఫారడ్ల కెపాసిటర్ ఉంది, అందులో వోల్టేజీ 200కు పడేదాకా ఎస్ఎంపీఎస్ నెట్టుకొస్తుంది అనుకోండి. గోడలో 230 ఉంటే కెపాసిటర్ 325 దాకా నిండుతుంది. వాడుకోగల శక్తి సుమారు 10.8 జౌళ్లు. యంత్రం దాని నుంచి 350 వాట్లు లాగుతుంటే 31 మిల్లీ సెకన్లు ఆగగలదు. అదే గోడలో 170 ఉంటే కెపాసిటర్ 240 దగ్గరే ఆగిపోతుంది. వాడుకోగల శక్తి 2.9 జౌళ్లు. ఇప్పుడు 350 వాట్ల లోడుకు దక్కేది 8 మిల్లీ సెకన్లు, అంటే సగం ఆవృత్తికి కూడా చాలదు. మరి ఇదే 170 వోల్టుల దగ్గర టైపింగ్ చేసుకుంటుంటే? లాగేది వంద వాట్లే కనుక 29 మిల్లీ సెకన్లు దక్కుతాయి. సరఫరాలో పది మిల్లీ సెకన్ల గండి పడితే టైపింగ్ చేస్తున్న యంత్రానికి అది వచ్చిందీ పోయిందీ తెలియదు. రెండర్ చేస్తున్న యంత్రం మాత్రం కూలిపోతుంది. గండి రోజంతా పడుతూనే ఉంది, లోడు దాన్ని బయటపెట్టిందంతే. 'లోడు పెడితేనే రీస్టార్ట్ అవుతోంది కదా, తప్పు లోడుదే' అనే తర్కం ఇక్కడే తప్పుతుంది.

మరి 170 వోల్టులు నిజంగా వస్తాయా అని పట్టణం నడిబొడ్డున, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన ఉన్నవాళ్లు అడగొచ్చు. ఇళ్లకిచ్చే సరఫరాలో తేడా 6 శాతం మించకూడదని 1956 నాటి భారత విద్యుత్ నిబంధనల్లోనే రాశారు. ఆ లెక్కన 216కు తగ్గకూడదు. శివారు కాలనీల్లో, లైను చివరి పల్లెల్లో సాయంత్రం బల్బు వెలుగు చూస్తే నిబంధనకూ వాస్తవానికీ ఎడం తెలిసిపోతుంది. మన దగ్గర కరెంటు తయారీకి లోటు లేదు. కర్నూలు వైపు గని, శకునాల దగ్గర 1000 మెగావాట్ల సోలార్ పార్కు ఉంది. కడప జిల్లాలో ముద్దనూరు–ఎర్రగుంట్ల నడుమ రాయలసీమ థర్మల్ కేంద్రం ఉంది. కానీ మన ఇంటి వోల్టేజీని నిర్ణయించేది మెగావాట్లు కావు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మన మీటరు దాకా ఉన్న ఆఖరి వందల మీటర్ల తీగ. బోరు నీళ్ల మీద బతికే నేల ఇది. ఐదు హార్స్‌పవర్ల త్రీఫేజ్ మోటారు నడిచేటప్పుడు ఫేజుకు ఏడు ఆంపియర్ల దాకా తీసుకుంటుంది, నేరుగా స్టార్ట్ చేసిన క్షణంలో దానికి ఆరింతలు లాగుతుంది. తీగ నిరోధం అర ఓము ఉన్నా ఆ కాసేపట్లో ఇరవై వోల్టులు అక్కడే హరిస్తుంది. అప్పటికే 190 దగ్గర ఉన్న లైను 170కి దిగడానికి ఆ ఒక్క స్టార్టర్ చాలు. బేతంచెర్ల, కొలిమిగుండ్ల, జమ్మలమడుగు వైపు నాపరాయి కోసే, పాలిష్ పట్టే యూనిట్ల మోటార్లకూ ఇదే గుణం. ఇక ఏటీఎక్స్ ప్రమాణం 230 వోల్టుల సరఫరాకు పెట్టుకున్న కింది హద్దు 180. దాని దిగువన కంపెనీ ఏ హామీ ఇచ్చినట్టు కాదు.

ఈ మాటకు గట్టి అభ్యంతరమే ఒకటి వస్తుంది. రీస్టార్టులు మధ్యాహ్నాలే ఎక్కువ, తెల్లవారుజామున రెండర్ పెడితే సాఫీగా అయిపోతుంది. ఎండదే నేరమని ఇది రుజువు కాదా? కాదు. ఎందుకంటే ఎండ ముదిరే వేళల్లోనే ఏసీలు, కూలర్లు ఆన్ అవుతాయి. బోర్లకు పగటి కరెంటు ఇచ్చే వేళలూ అవే. వేడి, లో వోల్టేజీ రెండూ ఒకే గంటల్లో వచ్చి ఒకే గంటల్లో పోతాయి. తెల్లవారుజామున వేడీ తగ్గుతుంది, వోల్టేజీ కూడా కోలుకుంటుంది. కాబట్టి ఆ పరీక్ష ఏదీ తేల్చదు. రెంటినీ విడదీయాలంటే ఒకదాన్ని కదిలించి ఇంకోదాన్ని కదలకుండా ఉంచాలి. మిట్టమధ్యాహ్నం అదే వేడి గదిలో, యంత్రాన్ని మంచి ఆన్‌లైన్ యూపీఎస్ మీద పెట్టి రెండర్ చేయాలి. ఆన్‌లైన్ రకం ఎప్పుడూ బ్యాటరీ–ఇన్వర్టర్ మార్గంలోనే కరెంటు ఇస్తుంది కనుక గోడలో వోల్టేజీ ఊగినా యంత్రానికి తెలియదు. అలా పెట్టాక రీస్టార్ట్ ఆగిపోతే ఎండ నిర్దోషి. ఆగకపోతే సరఫరా మీది అనుమానం తగ్గి, కేబినెట్ లోపలికి, ముఖ్యంగా ఎస్ఎంపీఎస్ మీదికి మారుతుంది.

అలాగని వేడికి పూర్తి క్లీన్‌చిట్ ఇవ్వలేం. దాని దెబ్బ ఆ పూటకు కనిపించదు, ఏళ్లమీద కనిపిస్తుంది. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ లోపల ద్రవం ఉంటుంది, వేడికి అది మెల్లగా ఇగిరిపోతుంది. పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగమవుతుందన్నది ఇంజినీర్లు వాడే స్థూల సూత్రం. 105 డిగ్రీల దగ్గర 2000 గంటలని రాసి ఉన్న కెపాసిటర్ 65 డిగ్రీల దగ్గర 32,000 గంటలు, 75 దగ్గర 16,000 గంటలు పనిచేయాలి. రోజుకు పన్నెండు గంటలు నడిచే స్టూడియో యంత్రంలో అవి ఏడేళ్లు, మూడున్నరేళ్లు. నాపరాయి దుమ్ము ఎస్ఎంపీఎస్ ఫ్యాన్‌కు పట్టి గాలి ఆడకపోతే ఆ పది డిగ్రీలు తేలిగ్గా పెరుగుతాయి. పైన కట్టిన లెక్కలో 330 మైక్రో ఫారడ్లు 260కి పడితే 31 మిల్లీ సెకన్లు 24 అవుతాయి, ఎనిమిది ఆరవుతుంది. ఇంకో పక్క, వోల్టేజీ తగ్గేకొద్దీ అవే వాట్ల కోసం ఎస్ఎంపీఎస్ ఎక్కువ ఆంపియర్లు లాగాలి. 500 వాట్లకు 230 దగ్గర 2.2 ఆంపియర్లు సరిపోతే, 160 దగ్గర 3.1 కావాలి, తీగల్లో పుట్టే వేడి అటూఇటుగా రెట్టింపు. లో వోల్టేజీయే వేడిని పుట్టిస్తుంది, ఆ వేడి కెపాసిటర్‌ను తింటుంది, బక్కచిక్కిన కెపాసిటర్ ఆ తర్వాతి లో వోల్టేజీకి తట్టుకోలేదు. నిరుడు నడిచిన యంత్రం ఈ ఏడు ఎందుకు నడవట్లేదన్న ప్రశ్నకు జవాబు తరచూ ఇక్కడే దొరుకుతుంది.

"మాది 750 వాట్ల ఎస్ఎంపీఎస్, పవర్ చాలకపోవడమేమిటి" అనేది తర్వాతి అభ్యంతరం. స్టిక్కర్ మీది పెద్ద అంకె కన్నా కింద చిన్న అక్షరాల పట్టిక చదవాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు బతికేది 12 వోల్టుల లైను మీద. అక్కడ 18 ఆంపియర్లే రాసి ఉంటే దక్కేది 216 వాట్లు. పైన ఎంత రాసుకున్నా అంతే. కరెంటును తక్కువ వృథాతో మార్చేవాటికిచ్చే '80 ప్లస్' ముద్ర ఉన్నవాటి మీద నమ్మకం పెట్టుకోవచ్చు గానీ ఆ పరీక్ష జరిగేది సుమారు 23 డిగ్రీల గదిలో. కర్నూల్లో మే నెల అర్ధరాత్రి కూడా అంత చల్లగా ఉండదు. గ్రాఫిక్స్ కార్డుల దూకుడు మరో సంగతి. సగటున 300 వాట్లు తీసుకునే కార్డు మైక్రో సెకన్లపాటు అంతకు రెట్టింపు లాగగలదు. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులతో మంచి ఎస్ఎంపీఎస్‌లు కూడా పడిపోయిన సందర్భాలున్నాయి. అందుకే 2022లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ 3.0 ప్రమాణంలో, 450 వాట్లు దాటిన ఎస్ఎంపీఎస్ తన వాటేజీకి రెట్టింపు తాకిడిని 100 మైక్రో సెకన్లు భరించాలని చేర్చారు. షాపులో మల్టీమీటరు పెట్టి '12 వోల్టులు కరెక్టుగానే ఉన్నాయి' అని తేల్చేస్తే నమ్మకండి. సెకనుకు రెండు మూడుసార్లు సగటు చూపే మీటరుకు మిల్లీ సెకన్ల గండి కనిపించదు.

స్టెబిలైజర్ ఉంది కదా, యూపీఎస్ ఉంది కదా అంటారు. రిలే రకం స్టెబిలైజర్ ఫ్రిజ్ కోసం పుట్టింది. అది ఒక ట్యాప్ నుంచి ఇంకో ట్యాప్‌కు 'టక్'మని మారినప్పుడల్లా కొన్ని మిల్లీ సెకన్లు సరఫరా తెగుతుంది. అంటే వోల్టేజీని సరిచేసే వస్తువే గండినీ కొడుతోంది. మామూలు 600 వీఏ యూపీఎస్ చాలావాటిలో నిజంగా ఇచ్చేది 360 వాట్లు. కరెంటు పోయి బ్యాటరీకి మారిన క్షణంలో రెండర్ నడుస్తుంటే ఓవర్‌లోడై చేతులెత్తేస్తుంది. పైగా సీసం బ్యాటరీ 25 డిగ్రీల దగ్గర ఎన్నేళ్లు వస్తుందో 35 దగ్గర అందులో సగమే వస్తుంది. సీమలో రెండో వేసవి దాటిన యూపీఎస్ బ్యాటరీని ఉన్నా లేనట్టే లెక్కవేసుకోవడం మేలు. ఇంటి ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు వెనకవైపు యూపీఎస్ మోడ్ స్విచ్చు ఉందేమో చూసుకోవాలి. నార్మల్ మోడ్‌లో అది వోల్టేజీ బాగా పడిపోయినా అలాగే వదిలేస్తుంది, బ్యాటరీకి మారడానికీ ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఎర్తింగ్ ప్రస్తావన కూడా వస్తుంది. రాతి నేలలో ఎర్తింగ్ గుంత వేసవికి ఎండిపోయి పనిచేయడం మానేస్తుంది. కేబినెట్ తాకితే చిమచిమలాడటం దాని గుర్తు. రీస్టార్ట్‌కు అది నేరుగా కారణం కావడం అరుదే, కానీ ఆ ఇంట్లో న్యూట్రల్ జాయింటు కూడా ఎవరూ చూసి ఉండరు. వదులైన న్యూట్రల్ మాత్రం పక్కా అనుమానితుడే.

విండోస్ పాడైందనే వాదనను తేల్చడం ఖర్చులేని పని. సిస్టం సెట్టింగుల్లో, ఎర్రర్ వస్తే ఆటోమేటిగ్గా రీస్టార్ట్ కావాలనే టిక్కు ఉంటుంది. ముందు దాన్ని తీసేయాలి. ఆ తర్వాత నీలి తెర వచ్చి ఆగితే డ్రైవరో, ర్యామో, మరేదో విండోస్‌కు కనిపించిన తప్పు చేసింది. అప్పుడు రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపించడం సబబు. నీలి తెర లేకుండానే రీస్టార్ట్ అయితే ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అనే నమోదు వెతకండి. దానర్థం పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాకుండా యంత్రం లేచిందని మాత్రమే. ఎస్ఎంపీఎస్ పోయిందని కాదు. కానీ అందులో బగ్‌చెక్ కోడ్ సున్నా ఉంటే విండోస్‌కు ఏ తప్పూ పట్టుకునే సమయం దొరకలేదన్నమాట, అనుమానం కరెంటు దారి మీదికి వస్తుంది. పక్కనే 'వియా లాగర్' (WHEA-Logger) నమోదు కనిపిస్తే ప్రాసెసర్ లేదా గ్రాఫిక్స్ కార్డు స్లాటు స్వయంగా ఫిర్యాదు చేసిందని. ఓవర్‌క్లాక్ చేసి ఉంటే వెనక్కి తీసుకోవాలి. ఇవేవీ చూడకుండా ఫార్మాట్ కొట్టడం వల్ల పోయేది కస్టమర్ పెళ్లి ఫొటోలే.

ఆ తర్వాత లోడును ముక్కలు చేయాలి. ప్రైమ్95తో ప్రాసెసర్‌ను ఒక్కదాన్నీ, ఫర్‌మార్క్‌తో గ్రాఫిక్స్ కార్డును ఒక్కదాన్నీ, పిదప రెంటినీ కలిపి పరుగెత్తించండి. విడివిడిగా నిలిచి, కలిపితే పడిపోతే దోషం ఆ రెండు భాగాల్లో ఉండే అవకాశం తక్కువ, వాటికి అన్నం పెట్టే చోట ఎక్కువ. హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి సాఫ్ట్‌వేర్‌తో ఉష్ణోగ్రతల లాగ్ రాయిస్తే, చివరి వరసలో 75 డిగ్రీలే ఉన్నాయంటే ఎండ వాదన అక్కడితో సరి. నా దృష్టిలో వీటన్నిటిలోకీ విలువైన పరీక్షకు పైసా ఖర్చు లేదు: గ్రాఫిక్స్ కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి దించి అదే రెండర్‌ను, అదే వేళకు నడపడం. రీస్టార్ట్ మాయమైతే రోగం కరెంటు దారిలో ఉందనుకోవచ్చు, పైగా మంచి ఎస్ఎంపీఎస్ కొనేదాకా పనీ ఆగదు. తర్వాత యూపీఎస్, స్టెబిలైజర్, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒక్కొక్కటే తప్పించి నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడాలి. అప్పటికీ తగ్గకపోతేనే ఎస్ఎంపీఎస్ మార్చి చూడాలి. పాతదాన్ని విప్పి చూసే సరదా మాత్రం వద్దు. ప్లగ్గు పీకాక కూడా ఆ కెపాసిటర్‌లో మూడొందల వోల్టులు నిలిచి ఉండొచ్చు.

కొత్తది కొనేటప్పుడు 'యాక్టివ్ పీఎఫ్‌సీ' (పవర్ ఫ్యాక్టర్ కరెక్షన్) ఉన్నదే అడగండి. పైన లెక్కకట్టింది ఇది లేని రకానికి. ఆ సర్క్యూట్ గోడ వోల్టేజీ ఎలా ఉన్నా లోపలి కెపాసిటర్‌ను 380 వోల్టుల చుట్టుపక్కల నింపి ఉంచుతుంది. చాలావరకు 100 నుంచి 240 దాకా ఏ సరఫరా మీదైనా నడిచేలా వాటిని తయారుచేస్తారు. గోడలో 230 ఉన్నా 170 ఉన్నా మిల్లీ సెకన్ల నిల్వ దాదాపు మారదు. 80 ప్లస్ ముద్రకు పవర్ ఫ్యాక్టర్ షరతు ఉంది కాబట్టి ఆ ముద్ర ఉన్నవాటిలో ఇది ఉంటుంది. మన ప్రాంతానికి పెద్ద వాట్ల అంకె కన్నా ఈ ఒక్క గుణం ఎక్కువ విలువైనది. ఇంత చేశాక కూడా రెండర్ నడిచే వేళ గోడ సాకెట్‌లో మీటరు 200 కన్నా తక్కువ చూపుతుంటే అది కంప్యూటర్ షాపులో తీరే సమస్య కాదు. ఏ తేదీన, ఏ గంటకు, ఎన్ని వోల్టులు వచ్చాయో వారం రోజులు రాసిపెట్టుకుని 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, నంబరు తీసుకోండి. పక్కింటివాళ్ల చేత కూడా చేయించండి.